గడువు దాటితే తాకట్టు నగ కొట్టువాడిదైపోతుందా?

ప్రశ్న: లాయర్ గారూ, మాది తెనాలి దగ్గర పల్లెటూరు. 2022 జూన్‌లో మా అబ్బాయి కాలేజీ ఫీజు కోసం, మా అమ్మ నాకు పెళ్లిలో పెట్టిన ఆరు కాసుల చంద్రహారాన్ని టౌన్‌లో ఒక తాకట్టు కొట్టులో పెట్టి లక్షన్నర తీసుకున్నాను. నూటికి రెండు రూపాయల వడ్డీ. 2024 మార్చి దాకా వడ్డీ కట్టాను. కట్టినప్పుడల్లా చీటీ వెనక తేదీ వేసి, పొట్టి సంతకం చేసి ఇచ్చేవారు. తర్వాత మావారికి ఆపరేషన్ జరగడంతో కట్టలేకపోయాను. ఈమధ్య డ్వాక్రా గ్రూపులో డబ్బు తీసుకుని విడిపించుకుందామని వెళ్తే, "మీ తమ్ముడు తీసుకున్న నలభై వేలు కూడా కడితేనే వస్తువు ఇస్తా" అన్నారు. వారం తర్వాత మళ్లీ వెళ్తే మాట మార్చి, "గడువు ఏడాదే, మీ నగ ఎప్పుడో మునిగిపోయింది, కరిగించేశాం" అన్నారు. నాకు ఏ నోటీసూ రాలేదు. చీటీ మీద చిన్న అక్షరాలతో "సంవత్సరంలోగా విడిపించుకోనిచో వస్తువుపై హక్కు ఉండదు" అని ఉంది. అప్పట్లో ఒక ఖాళీ కాగితం మీద కూడా సంతకం పెట్టించుకున్నారు. నా హారం ఇక రాదా?
— ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, గడువు దాటింది కాబట్టి మీకు హక్కు పోయిందని ఆయన చెప్పేమాట నమ్మకండి. తాకట్టు పెట్టినంత మాత్రాన నగ చేతులు మారుతుంది గానీ సొంతదారు మారరు. హారం మీదే. అప్పు తీరేదాకా దాన్ని తన దగ్గర ఉంచుకునే హక్కు మాత్రమే ఆయనది. గడువు దాటాక ఆయనకు కొన్ని అదనపు హక్కులు వస్తాయి, కాదనను. కానీ నగ దానంతట అదే ఆయన సొంతం కావడమనేది ఆ హక్కుల్లో లేదు.

ఈ విషయాలన్నీ 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో ఉన్నాయి. బాకీదారు గడువులోగా కట్టకపోతే తాకట్టు పట్టుకున్నవారు ఏం చేయవచ్చో 176వ సెక్షన్ చెబుతుంది. ఆయనకున్నవి రెండే దారులు. నగను దగ్గర ఉంచుకుని, బాకీ కోసం కోర్టులో దావా వేయడం ఒకటి. అమ్మబోతున్నానని మీకు తగినంత ముందుగా నోటీసు ఇచ్చి, ఆ తర్వాత అమ్మడం రెండోది. అమ్మగా వచ్చిన డబ్బు బాకీకి చాలకపోతే మిగతాది మీరు కట్టాలి. ఎక్కువ వస్తే ఆ ఎక్కువ మీకు ఇచ్చి తీరాలి. ఉదాహరణకు అసలు లక్షన్నర, రెండేళ్ల వడ్డీ 72,000, మొత్తం బాకీ 2,22,000 రూపాయలు అనుకుందాం. ఆరు కాసులంటే 48 గ్రాములు. దాన్ని నాలుగు లక్షలకు అమ్మితే 1,78,000 రూపాయలు మీ చేతికి రావాలి. "మునిగిపోయింది" అని ఒక్క మాట అనేసి ఆ లక్షా డెబ్బై ఎనిమిది వేలూ జేబులో వేసుకోవడానికి ఏ చట్టమూ ఒప్పుకోదు. బంగారం ధర ఇంత పెరిగిన రోజుల్లో తాకట్టు కొట్ల దగ్గర ఇలాంటి తగాదాలు ఎందుకు ఎక్కువయ్యాయో ఈ లెక్క చూస్తేనే తెలుస్తుంది.

177వ సెక్షన్ మీకు ఇంకా ముఖ్యం. గడువు దాటినా సరే, నగను నిజంగా అమ్మేసే క్షణం వరకు మీరు డబ్బు కట్టి విడిపించుకోవచ్చు. ఆలస్యం వల్ల ఆయనకు అయిన ఖర్చు ఏమైనా ఉంటే అది కూడా కట్టాలి, అంతే.

మరి చీటీ మీద చిన్న అక్షరాల షరతు మాటేమిటి? కాంట్రాక్టు చట్టంలో కొన్ని సెక్షన్లకు "వేరే ఒప్పందం ఉంటే తప్ప" అనే వెసులుబాటు ఉంది. 176కు అది లేదు. అందుకే నోటీసు ఇవ్వాలన్న నియమాన్ని చీటీ మీద అచ్చు వేసిన వాక్యంతో తప్పించుకోవడం కుదరదు. 2022 మేలో పీటీసీ ఇండియా ఫైనాన్షియల్ సర్వీసెస్ కేసులో సుప్రీంకోర్టు తాకట్టు చట్టాన్నంతా మళ్లీ వివరంగా పరిశీలించింది. ఆ కేసు కంపెనీ షేర్ల తాకట్టు గురించి. కానీ అక్కడ చెప్పిన సూత్రం మీ హారానికీ వర్తిస్తుంది: తాకట్టు పట్టుకున్నవాడు వస్తువును తనకు తానే అమ్ముకోలేడు. అలా తన పేరున రాసుకున్నా అది అమ్మకం కిందికి రాదు, మీ విడిపించుకునే హక్కు చెదరదు. నోటీసు లేకుండా, బయటివాళ్లకు అమ్మకుండా, తన కొట్లోనే కరిగించి ముద్ద చేసుకున్నానంటే, ఆయన తన నోటితో తన తప్పు ఒప్పుకుంటున్నట్టే.

మీ విషయంలో ఇంకో బలమైన అంశం ఉంది. ఏడాది గడువు 2023 జూన్‌తో అయిపోయింది. ఆ తర్వాత 2024 మార్చి దాకా ఆయన వడ్డీ తీసుకుంటూనే ఉన్నారు, చీటీ వెనక రాస్తూనే ఉన్నారు. ఏడాది కాగానే నగ తనదైపోయి ఉంటే, ఆ తొమ్మిది నెలలు దేనికి వడ్డీ తీసుకున్నట్టు? జడ్జిగారి ముందు మీ లాయరు మొదట వేయాల్సిన ప్రశ్న ఇదే. ఖాళీ కాగితం గురించి మీరు టెన్షన్ పడుతున్నారు. దాని మీద "హారాన్ని ఫలానా ధరకు అమ్మేశాను" అని రాసుకొచ్చే ప్రమాదం ఉంది, అలా చేసేవాళ్లను చూశాను. కానీ అమ్మేసిన వస్తువుకు ఎవరూ నెలనెలా వడ్డీ కట్టరు. చీటీ వెనక ఉన్న ఆ తేదీలే దానికి సమాధానం. కాబట్టి ఆ చీటీని ఇవాళే రెండు వైపులా ఫోటో తీసి, కలర్ జిరాక్సులు తీయించి, అసలుది ఇంట్లో భద్రంగా దాచండి. "లెక్క చూడాలి, ఒకసారి ఇవ్వండి" అని అడిగితే జిరాక్సు ఇవ్వండి తప్ప అసలుది కొట్టు గడప దాటించకండి.

తమ్ముడి అప్పు సంగతికి వస్తే, 174వ సెక్షన్ ప్రకారం ఏ అప్పు కోసం నగ పెట్టారో ఆ అప్పుకే అది హామీ. వేరే ఒప్పందం లేనప్పుడు ఇంకో బాకీ పేరు చెప్పి నగ ఆపుకోకూడదు. మీరే అదే కొట్లో తర్వాత మళ్లీ అప్పు తీసుకుని ఉంటే ఆయన వాదించడానికి కాస్త చోటు ఉండేది. తమ్ముడి బాకీకి, మీ హారానికి ఏ సంబంధమూ లేదు. మీరు హామీ సంతకం ఏదీ చేయలేదు కదా? చేసి ఉంటే ఆ సంగతి లాయరుకు ముందే చెప్పండి. ఆయన నలభై వేలు అడగడం వల్ల మీకు ఒక మేలు కూడా జరిగింది. "అది కడితేనే వస్తువు ఇస్తా" అన్నారంటే ఆ రోజుకు హారం ఆయన దగ్గర ఉన్నట్టే. వారం తర్వాత "ఎప్పుడో కరిగించేశాం" అంటే ఆ రెండు మాటల్లో ఒకటి అబద్ధం. ఆ రోజు మీతో ఎవరు వచ్చారు, ఏ తేదీ, ఏ సమయం, అన్నీ ఇప్పుడే కాగితం మీద రాసి పెట్టుకోండి. ఫోన్‌లో మాట్లాడి ఉంటే రికార్డింగులు, వాట్సాప్ మెసేజీలు చెరపకండి, ఫోన్ మార్చకండి.

ఇప్పుడు చేయాల్సిన పని. ముందుగా లాయరు ద్వారా నోటీసు పంపండి. చేరినట్టు రుజువు దొరికేలా పోస్టులో పంపాలి. అందులో చీటీ నంబరు, నగ బరువు, తేదీలు, కట్టిన వడ్డీ వివరాలు రాయాలి. అసలు, న్యాయంగా రావాల్సిన వడ్డీ కట్టడానికి డబ్బు సిద్ధంగా ఉందని తప్పకుండా రాయాలి. పదిహేను రోజుల్లో హారం అప్పగించాలని, అమ్మామని అంటే ఎప్పుడు, ఎవరికి, ఎంతకు అమ్మారో, అమ్మకం నోటీసు ఎప్పుడు పంపారో కాగితాలు చూపాలని అడగాలి. డబ్బు సిద్ధంగా ఉందన్న మాట వట్టిది కాకూడదు. డ్వాక్రా డబ్బును బ్యాంకు ఖాతాలో వేసి ఉంచండి, పాస్‌బుక్కే రుజువవుతుంది. మీరు కట్టడానికి వచ్చినా ఆయనే తీసుకోకపోతే, ఆ రోజు నుంచి వడ్డీ అడగడానికి ఆయనకు పట్టు ఉండదు.

నోటీసుకు దిగిరాకపోతే సివిల్ కోర్టులో దావా వేయాలి. గడువు మూడేళ్లు. ఆ మూడేళ్లు తాకట్టు పెట్టిన రోజు నుంచి లెక్క కాదు, మీరు అడిగితే ఆయన ఇవ్వనన్న రోజు నుంచి. లిమిటేషన్ చట్టం 70వ ఆర్టికల్ ఈ మాట చెబుతుంది. కాబట్టి "2022 నాటిది, కాలం చెల్లింది" అని ఎవరైనా భయపెడితే పట్టించుకోకండి. దావాలో ముందు హారాన్నే అడగండి, లేదంటే దాని విలువ ఇప్పించమని అడగండి. అమ్మ పెట్టిన నగ, ఆ పనితనం, అది డబ్బుతో తీరే నష్టం కాదు. అలాంటి వస్తువును ఉన్నది ఉన్నట్టు అప్పగించమని ఆదేశించే అధికారం 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 8వ సెక్షన్ కింద కోర్టుకు ఉంది. విలువే తీసుకోవాల్సి వస్తే 2022 ధర కాదు, ఆయన ఇవ్వనన్న రోజు ధర అడగండి, మజూరీ, తరుగు కూడా కలిపి. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. అది ఎక్కువని కోర్టుకు అనిపిస్తే 1918 నాటి అధిక వడ్డీల చట్టం కింద తగ్గించమని కూడా అడగవచ్చు.

ఆయనే ముందుగా మీ మీద బాకీ దావా వేస్తే? భయం లేదు. లల్లన్ ప్రసాద్ కేసులో 1966లోనే సుప్రీంకోర్టు దీన్ని తేల్చేసింది. అక్కడ తాకట్టు పెట్టింది విమానాల తుక్కు, అప్పు ఇరవై వేలు. అప్పిచ్చినాయన అసలు తాకట్టే లేదని బుకాయిస్తూ డబ్బుకు డిక్రీ అడిగాడు. వస్తువు తిరిగి ఇవ్వలేనివాడికి బాకీ డిక్రీ ఇచ్చేది లేదని కోర్టు చెప్పింది. డబ్బూ నాకే, వస్తువూ నాకే అంటే చెల్లదు.

పోలీసు కేసు పెట్టవచ్చా అని చాలామంది అడుగుతారు. నమ్మి అప్పగించిన వస్తువును దురుద్దేశంతో సొంతం చేసుకుంటే భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షన్ కింద నేరం, ఐదేళ్ల వరకు జైలు. ఈ కొత్త చట్టం అమల్లోకి వచ్చిన 2024 జులై 1కి ముందే కరిగించి ఉంటే పాత శిక్షాస్మృతి (ఐపీసీ) 406వ సెక్షన్ వర్తిస్తుంది. కానీ నిజం చెప్పాలి. నోటీసు ఇవ్వడం ఒక్కటే ఎగ్గొట్టి బయట అమ్మి ఉంటే, పోలీసులు "ఇది సివిల్ మ్యాటరు" అని పంపించేస్తారు. మీ కేసులో రెండు నాలుకల మాట, ఎక్కువ వచ్చిన డబ్బు ఇవ్వకపోవడం ఉన్నాయి కాబట్టి ఫిర్యాదుకు బలం ఉంది. స్టేషన్‌లో తీసుకోకపోతే ఎస్పీగారికి పోస్టులో పంపండి, అక్కడా కదలిక లేకపోతే మెజిస్ట్రేటు కోర్టుకు వెళ్లవచ్చు. పాన్ బ్రోకరుగా, అంటే తాకట్టు వ్యాపారిగా, ఆయనకు లైసెన్సు ఉందో లేదో తహసీల్దారు కార్యాలయంలో సమాచార హక్కు కింద అర్జీ పెట్టి అడగండి. లైసెన్సు లేని వ్యాపారమని తేలితే ఆయన రాజీకి త్వరగా వస్తాడు.

ఖర్చు గురించి దిగులు వద్దు. 1987 నాటి న్యాయ సేవల అథారిటీల చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. తెనాలి కోర్టు ఆవరణలో మండల న్యాయ సేవల కమిటీ ఆఫీసుకు వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి. దావా వేయకముందే లోక్ అదాలత్‌కు పిలిపించే వీలుంది. నా అనుభవంలో ఇలాంటి తగాదాలు ఎక్కువగా అక్కడే తెగుతాయి. ఊళ్లో పదిమంది నగలు పెట్టే కొట్టుకు పేరు పోవడం కంటే పెద్ద నష్టం ఉండదు.

ఇదే హారం బ్యాంకులోనో గోల్డ్ లోన్ కంపెనీలోనో పెట్టి ఉంటే నియమాలు ఇంకా కట్టుదిట్టంగా ఉండేవి. రిజర్వ్ బ్యాంకు 2025 జూన్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, అప్పు పూర్తిగా కట్టాక ఏడు పనిదినాల్లోగా నగ తిరిగి ఇవ్వాలి. తమ తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల పరిహారం ఇవ్వాలి. వేలం వేస్తే మొదటి పాట కనీస ధర నగ విలువలో 90 శాతానికి తగ్గకూడదు. ఇవి ప్రైవేటు తాకట్టు కొట్లకు వర్తించవు.

రాజీకి ఒప్పుకుని ఆయన హారం తెచ్చి ఇస్తే, డబ్బు లెక్కపెట్టే ముందే పెళ్లి ఫోటోల్లో హారం కనిపించే ఫోటో దగ్గర పెట్టుకుని పోల్చి చూడండి. తూకం ఆయన కాటా మీద కాకుండా మీకు నమ్మకమున్న కంసాలి దగ్గర వేయించండి, కొక్కెం, పతకం మారాయేమో చూడమనండి. అంతా సరిపోయాక డబ్బు ఖాతా ద్వారా పంపి, "పూర్తిగా ముట్టింది, బాకీ లేదు" అని రసీదు రాయించుకోండి. ఆ ఖాళీ కాగితాన్ని మీ చేతికి తిరిగి తీసుకున్న తర్వాతే అసలు చీటీ ఆయనకు ఇవ్వండి.