వేళ్ల మీద లెక్కపెట్టి చదువు

తమ్ముడూ,

ఫ్రెంచి కవి వెర్లేన్ పద్యం ‘శరత్కాల గీతం’ మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. కవి జీవితం ఉంది, దిగులుంది, 1944 జూన్‌లో నార్మండీ దాడికి ముందు ఆ పద్యాన్నే బీబీసీ రేడియోలో సంకేతంగా వాడిన కథ అరపేజీ ఉంది (ఒక్క వాక్యం చాలు దానికి), కానీ పద్యం మాత్రం వినిపించలేదు. ‘సంగీతంలా ఉంది’ అని మూడుచోట్ల రాశావు. ఎక్కడుందా సంగీతం, చూపించు.

ముందు పైకి చదువు. లే సాఁగ్లో లోఁ, దే విఒలోఁ, ద లొతొన్ (శరత్కాలపు వయొలిన్ల దీర్ఘమైన వెక్కిళ్లు). అరసున్న ఉన్నచోట ముక్కుతో పలుకు, నిండు సున్నలా పెదాలు మూయకు. ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టు: నాలుగు, నాలుగు, మూడు. మళ్లీ నాలుగు, నాలుగు, మూడు. మూడు చరణాలూ ఇదే లెక్క. ఫ్రెంచి వాళ్లకి గురులఘువులు లేవు, అక్షరాల లెక్కే, ప్రాస కూడా మనలా రెండో అక్షరం మీద కాదు, పాదం చివర. రెండు పొట్టి పాదాల తర్వాత ఇంకా పొట్టిది వచ్చేసరికి ఊపిరి చాలనట్టు అనిపిస్తుంది చూడు, నువ్వన్న సంగీతం అక్కడుంది.

నాలుగో పాదానికి మూడే అక్షరాలని రాశావు, తప్పు. మామూలు మాటల్లో బ్లెస్ మోఁ కర్ (నా గుండెని గాయపరుస్తాయి), మూడే. పద్యంలో మాత్రం క్రియ చివరి మూగ అచ్చు, తర్వాత హల్లు వస్తోంది కాబట్టి, లెక్కలోకి వస్తుంది: బ్లె, స, మోఁ, కర్. మొదట్లో నేనూ ఇక్కడే తప్పు లెక్కతో వ్యాసం అచ్చుకి పంపాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా.

ఇంకోటి, ‘ఓఁ అనే ధ్వనిలోనే ఏడుపుంది’ అన్నావు. పిల్లలు చప్పరించే బిళ్లని ఫ్రెంచిలో బోఁబోఁ అంటారు, అందులో ఏడుపేముంది? ఇక్కడ ముందు వెక్కిళ్లు అనే మాట వచ్చింది, వయొలిన్ వచ్చింది, అప్పుడు ఆ ధ్వనికి దిగులు పట్టింది.

నువ్వు అసలు తాకనే తాకనిది చివరి చరణం. ‘పరెయ్ ఆ లా’ అని పాదం ఆగుతుంది (‘పరెయ్ ఆ’ అంటే ‘లాగా’). ఆ ‘లా’ ఒట్టి ఆర్టికల్ (ఇంగ్లీషులో ‘ది’ లాంటిది), దాని నామవాచకం ‘ఆకు’ కింది పాదంలో ఉంది. పైన ‘దలా’తో ప్రాస కుదిరింది కాబట్టి ఆగాలి, అర్థం పూర్తికాలేదు కాబట్టి ఆగలేం, ఆ అంచు మీంచి ఎండుటాకు కిందికి జారుతుంది. తెలుగులో ఆర్టికల్ లేదు కనక నీ అనువాదంలో ఇది పోయింది, పోయిందని కూడా రాయాలి.

వ్యాసం ఆ ‘లా’ దగ్గర మొదలుపెట్టి మళ్లీ రాయి. పంపేముందు ఆదివారం ఫోన్ చేసి పద్యం చదివి వినిపించు, అక్కడ ఎంతసేపు ఆగుతావో వినాలి నేను.