ఆ పేరు అమ్మకే తెలుసు

ప్రశ్న: మా అమ్మ వాళ్ళ నాన్నగారు రెండో ప్రపంచ యుద్ధంలో సిపాయి. వచ్చే నెల ఆయన శతజయంతి. పెద్ద మామయ్య హాలు మాట్లాడాడు, పతకాలకు ఫ్రేము కట్టించాడు, తాతయ్య ఫొటో నిలువెత్తున వేయించాడు. అమ్మని రెండు మాటలు మాట్లాడమన్నాడు. అమ్మ "నేను రాను. మీకు పతకాలు గుర్తున్నాయి, నాకు ఆయన బెల్టు గుర్తుంది" అంది. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. తాతయ్య తాగొచ్చి కొట్టేవారని, రాత్రిళ్ళు ఎవరినో పేరు పెట్టి కేకేస్తూ లేచి కూర్చునేవారని అమ్మ నాకు చెప్పడం ఇదే మొదటిసారి. మామయ్యేమో "పోయినవాళ్ళ తప్పులు ఎంచకూడదు, ప్రాణాలకు తెగించిన మనిషి" అంటాడు. చిన్నప్పటినుంచీ ఆయన మనవరాలినని గొప్పగా చెప్పుకున్నాను. ఇప్పుడు ఆ సభకి వెళ్తే అమ్మకి ద్రోహం చేసినట్టు, వెళ్ళకపోతే తాతయ్యకి చేసినట్టు ఉంది. ఏం చేయను?

జవాబు: అమ్మగారు రానంటే ఊరుకోండి. మీరూ బతిమాలకండి, మామయ్యగారినీ బతిమాలనివ్వకండి. చిన్నప్పుడు తలుపు చాటున వణికిన మనిషిని ఈ వయసులో మైకు ముందు నిలబెట్టి "మా నాన్న వీరుడు" అనిపించడం ఏం గౌరవం? నలుగురిలో మొహమాటపెట్టి అబద్ధమాడించడం తప్ప.

అలాగని మామయ్యగారు అబద్ధమాడుతున్నారని కూడా నేను అనుకోను. ఒకే ఇంట్లో పెరిగినా తోబుట్టువులందరికీ ఒకే నాన్న దొరకడు. పెద్ద కొడుకు భుజం మీద చెయ్యేసి యుద్ధం కబుర్లు చెప్పిన మనిషే, అర్ధరాత్రి కూతురికి ఇంకోలా కనబడి ఉండొచ్చు. లేదా ఆయనా దెబ్బలు తిని, అది మర్చిపోవడానికే ఇంత పెద్ద ఫొటో వేయించి ఉండొచ్చు. (నిలువెత్తు ఫొటోలంటే నాకు మొదట్నుంచీ కాస్త అనుమానం.)

తాతగారి సంగతికొస్తే, చూడని మనిషికి జబ్బు పేరు అంటించను. కానీ మీరు రాసిన లక్షణాలు సైన్యాలకు కొత్తవి కావు. 1915లోనే ఛార్లెస్ మయర్స్ అనే డాక్టరు ఇలాంటి సైనికుల గురించి రాస్తూ "షెల్ షాక్" (ఫిరంగి గుళ్ళ మధ్య గడిపి మనసు చెదరడం) అన్న మాట వాడాడు. పీటీఎస్‌డీ (భయంకరమైన అనుభవం తర్వాత మనసుని వదలని బాధ) అన్న పేరుతో అమెరికా మానసిక వైద్యుల సంఘం దాన్ని తన జబ్బుల జాబితాలో చేర్చింది మాత్రం 1980లో. అంటే మీ తాతగారు యుద్ధం నుంచి తిరిగొచ్చాక మరో ముప్పై అయిదేళ్ళ దాకా ఆ బాధకు ఇప్పటి పేరే లేదు. ఇంట్లోవాళ్ళు "ఆయనకి కోపం ఎక్కువ" అనుకుని సర్దుకున్నారు.

దీంతో ఆ దెబ్బలు మాఫీ అయిపోవు. అదే బాధ పడ్డవాళ్ళలో పిల్లల మీద చెయ్యెత్తనివాళ్ళూ ఎందరో ఉన్నారు. "పాపం, ఆయన యుద్ధం చూశారమ్మా" అని మీరు అమ్మగారికి సర్దిచెప్పబోతే, ఆ మాట ఆవిడ చెవికి "నువ్వు ఓర్చుకోవాల్సింది" అన్నట్టే వినబడుతుంది. చెప్పకండి. ఆవిడ ఇన్నేళ్ళకి నోరు విప్పింది, ముందు వినండి. ఈ గొడవ మొదలైనప్పటినుంచి ఆవిడకి నిద్ర పట్టడం లేదంటే ఒకసారి కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్ళండి.

ఇక మీ ద్రోహం లెక్క. సభకి వెళ్ళండి, కానీ అమ్మగారికి చెప్పి వెళ్ళండి. మిమ్మల్ని మాట్లాడమంటే ఏం చెప్పాలో ముందే రాసుకోండి. దీనికి ఒక పాత కొలత ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన బ్రిటిష్ సామ్రాజ్య సైనికుల సమాధుల పని చూడటానికి 1917లో ఒక కమిషన్ పెట్టారు. అధికారికైనా సిపాయికైనా ఒకే కొలత రాయి. దాని అడుగున ఇంటివాళ్ళు తమ మాటగా ఒక వాక్యం చెక్కించుకోవచ్చు, కానీ ఖాళీలతో కలిపి 66 అక్షరాలు దాటకూడదు. మీరూ తాతగారి గురించి అంతలో రాసి చూడండి. "మహనీయుడు", "త్యాగమూర్తి" లాంటివి వేస్తే చోటు ఇట్టే అయిపోతుంది. "తిరిగొచ్చాడు, కానీ నిద్రపోలేదు" అని రాయడానికి దానిలో సగం చాలు. అలాంటిదేదో దొరికాక అమ్మగారికి చూపించండి. ఆవిడ కొట్టేసిన మాట సభలో అనకండి. బెల్టు సంగతి ఆవిడది. ఎవరికి చెప్పాలో ఆవిడ ఇష్టం, మీరు ఎత్తకండి.

మీ ఉత్తరం చదివాక నాకు పతకాల కన్నా ఎక్కువ గుర్తుండిపోయింది ఆ రాత్రి కేకలు. ఆయన ఎవరిని పిలిచారు? నిద్రలో ఏళ్ళ తరబడి ఒకే పేరు పలికారంటే, ఆ మనిషి తిరిగి రాలేదేమో. నా ఊహ తప్పు కావచ్చు, కానీ వెతకడానికి వీలుంది. ఆ కమిషన్ ఇప్పటికీ పనిచేస్తోంది, ఇప్పుడు దాని పేరు కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్. రెండు ప్రపంచ యుద్ధాల్లో పోయిన సుమారు 17 లక్షల మంది పేర్లు దాని వెబ్‌సైట్‌లో ఉన్నాయి. సమాధి దొరకనివాళ్ళవి కూడా. డబ్బు కట్టక్కర్లేదు.

ఆ పేరు మామయ్యగారికి తెలిసి ఉంటే ఈపాటికి ఫ్రేములోకి ఎక్కేది. అది అమ్మగారి దగ్గరే ఉంది. సభ హడావుడి తగ్గాక, ఆవిడ తీరిగ్గా కూర్చున్నప్పుడు అడగండి. చెప్పనంటే అక్కడితో వదిలేయండి. చెబితే ఆవిడ పలికినట్టే రాసుకోండి. రికార్డుల్లో పేర్లు ఇంగ్లీషులో ఎవరికి తోచినట్టు వాళ్ళు రాశారు కాబట్టి స్పెల్లింగు రెండు మూడు రకాలుగా మార్చి వెతకాలి. తాతగారి డిశ్చార్జి కాగితం మామయ్యగారి దగ్గర ఉంటే యూనిట్ పేరు అందులో దొరకొచ్చు. ఆ కాగితం కోసం ఆయనకి ఫోన్ చేసేది మీరే కానక్కర్లేదు, అమ్మగారు చేస్తానంటే చేయనివ్వండి.