రైజెన్ 5 3600 ఉన్నవారు రైజెన్ 7 9700ఎక్స్‌కు ఇప్పుడే మారాలా?

మీ దగ్గర ఏఎండీ కంపెనీ ప్రాసెసర్ రైజెన్ 5 3600, బీ450 మదర్‌బోర్డు, 16 జీబీ డీడీఆర్4 మెమరీ, జీటీఎక్స్ 1660 సూపర్ గ్రాఫిక్స్ కార్డు ఉన్నాయనీ, పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తుంటారనీ రాశారు. 2024 ఆగస్టులో విడుదలైన రైజెన్ 7 9700ఎక్స్ కొనాలా, ఆగాలా అని అడిగారు. ఇప్పుడే కొనవద్దన్నది నా అభిప్రాయం. నేను హనుమకొండలో ఇదే పని చేస్తుంటాను. 2022లో ఇదే 3600తో, ఇదే సందేహంతో నెలల తరబడి సతమతమయ్యాను కనుక అప్పుడు జరిగింది చెబుతాను.

2022 సెప్టెంబరులో రైజెన్ 7000 శ్రేణి వచ్చినప్పుడు 7700ఎక్స్ కొనాలని సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ దుకాణాల సముదాయం సీటీసీకి వెళ్లి ధరలు రాయించుకున్నాను. మొత్తం అంచనా ప్రాసెసర్ ధరకు రెండింతలు దాటింది. ప్రాసెసర్‌ను బోర్డుకు బిగించే ఏఎం5 సాకెట్ కొత్తది కాబట్టి మదర్‌బోర్డు మార్చాలి, ఆ బోర్డు డీడీఆర్5 మాత్రమే తీసుకుంటుంది కాబట్టి ఉన్న మెమరీ పనికిరాదు, పైగా ఆ ప్రాసెసర్ పెట్టెలో కూలర్ ఉండదు. మీరు చూస్తున్న 9700ఎక్స్ పరిస్థితీ ఇంతే. అందుకే విడుదల నాటి 359 డాలర్ల ధరను మాత్రమే లెక్కలోకి తీసుకోవద్దని మిమ్మల్ని గట్టిగా కోరుతున్నాను.

ఆ అంచనా కాగితం పట్టుకుని ఇంటికి వచ్చాక, డబ్బు కట్టేముందు నా మెషీన్ అసలు ఎక్కడ ఆగిపోతోందో చూద్దామనిపించి, ఒక రిసెప్షన్ ప్రాజెక్టు తెరిచి, పక్కనే టాస్క్ మేనేజర్ పెట్టుకుని రెండు గంటలు పనిచేశాను. టైమ్‌లైన్ మీద మూడు కెమెరాల దృశ్యాలు నడిపినప్పుడు వీడియో ముక్కలు ముక్కలుగా ఆగుతుండేది. ఆ సమయంలో ప్రాసెసర్ వాడకం 45 శాతం దాటలేదు, మెమరీ మాత్రం 16 జీబీలో 15.4 దాకా నిండిపోయి, డిస్కు ఆగకుండా కొట్టుకుంటోంది. అంటే రోజంతా నన్ను విసిగించిన ఆ జాప్యానికి కారణం ప్రాసెసర్ కాదు, మెమరీ. ఎక్స్‌పోర్ట్ పెట్టినప్పుడు మాత్రం ప్రాసెసర్‌లోని పన్నెండు థ్రెడ్లూ (ఏకకాలంలో పని సాగే దారులు) నూటికి నూరు శాతం పనిచేశాయి, 40 నిమిషాల వీడియోకు 52 నిమిషాలు పట్టింది. అక్కడ ప్రాసెసర్ నిజంగానే చాలడం లేదు. ఈ రెండు బాధలనూ కలిపి ‘కంప్యూటర్ నెమ్మదిగా ఉంది’ అని అనుకున్నంతకాలం నాకు దారి కనిపించలేదు.

పుష్యమాసంలో పెళ్లిళ్లు ఉండవు కాబట్టి 2023 జనవరిలో పని పెట్టుకున్నాను. అదే బోర్డులో మరో 16 జీబీ మెమరీ చేర్చి, 3600 స్థానంలో ఎనిమిది కోర్ల రైజెన్ 7 5700ఎక్స్ పెట్టాను. మెమరీ పెరిగిన రోజునే టైమ్‌లైన్ సాఫీగా నడవడం మొదలైంది. ప్రాసెసర్ మారాక అదే వీడియో ఎక్స్‌పోర్ట్ 37 నిమిషాలకు దిగింది. నేను వదులుకున్న ఆ పెద్ద అంచనాలో మూడో వంతు కూడా ఖర్చు కాలేదు.

ఈ దారిలో వెళితే రెండు జాగ్రత్తలు అవసరం. మొదటిది, పాత ప్రాసెసర్ బోర్డులో ఉండగానే బయాస్‌ను (బోర్డును నడిపే ప్రాథమిక సాఫ్ట్‌వేర్‌ను) రైజెన్ 5000 శ్రేణికి పనికొచ్చే వెర్షన్‌కు అప్‌డేట్ చేయాలి. తీసేశాక గుర్తొస్తే మళ్లీ పాతదే బిగించాల్సి వస్తుంది. రెండవది నాకు చెమటలు పట్టించిన విషయం. మన బోర్డుల్లోని పాత సాకెట్ ఏఎం4లో పిన్నులు ప్రాసెసర్ అడుగునే ఉంటాయి. నేను చల్లగా ఉన్న కూలర్‌ను నిటారుగా పైకి లాగేసరికి, రెండింటి మధ్య వేడిని దాటించేందుకు పూసే పేస్టు ఎండిపోవడంతో దానికి అతుక్కుని ప్రాసెసర్ కూడా సాకెట్ నుంచి ఊడి వచ్చింది, ఒక మూలన నాలుగు పిన్నులు వంగిపోయాయి. అమ్మితే నాలుగు వేలైనా వచ్చే వస్తువు కదా అని, మెకానికల్ పెన్సిల్‌లోంచి లెడ్ తీసేసి, ఆ బోలు మొనను ఒక్కొక్క పిన్నుకు తొడిగి, ఊపిరి బిగబట్టి నిలబెట్టాను. మీరు మాత్రం ముందు ఒక ఎక్స్‌పోర్ట్ నడిపి పేస్టు వేడెక్కనివ్వండి, తరువాత మెషీన్ ఆపి, కూలర్‌ను కుడికీ ఎడమకీ మెల్లగా తిప్పి, పట్టు వదిలాకే పైకి ఎత్తండి.

మీ కెమెరా ఏదో మీరు రాయలేదు. అది 10 బిట్ 4:2:2 హెచ్.265 అనే వీడియో ఫార్మాట్‌లో రికార్డు చేస్తుంటే, ఆ వీడియోను విప్పే హార్డ్‌వేర్ మీ 1660 సూపర్‌లోనూ లేదు, 9700ఎక్స్‌లోని చిన్న గ్రాఫిక్స్‌లోనూ లేదు. ఆ భారమంతా కోర్ల మీదే పడుతుంది కాబట్టి ప్రాక్సీలు (ఎడిటింగ్ కోసం చేసుకునే తేలికైన నకలు వీడియోలు) చేసుకోవడం ఎలాగూ తప్పదు. నేను రాత్రి పడుకునేముందు ప్రాక్సీలు పెట్టి, ఉదయం ఎడిటింగ్ మొదలుపెడతాను. ఇంటెల్‌లో 11వ తరం నుంచి చాలా ప్రాసెసర్ల అంతర్గత గ్రాఫిక్స్ ఈ ఫార్మాట్‌ను నేరుగా విప్పగలదు. ఎప్పటికైనా బోర్డు, ప్రాసెసర్, మెమరీ అన్నీ మార్చదలిస్తే ఆ సంగతి కూడా గుర్తుంచుకోండి.

ఏ ప్రాసెసర్‌నైనా విడుదలైన వారాల్లోనే కొనవద్దనడానికి మరో కారణం ఉంది. నేను 7700ఎక్స్ వద్దనుకున్న కొద్ది నెలలకే, 2023 జనవరిలో, కూలర్‌తో సహా 329 డాలర్లకు 65 వాట్ల 7700 వచ్చింది. 7700ఎక్స్ విడుదల ధర 399 డాలర్లు. 9700ఎక్స్ విషయంలో, 65 వాట్ల విద్యుత్ పరిమితిని 105కు పెంచుకునే వీలు 2024 సెప్టెంబరు బయాస్ అప్‌డేట్లతో కానీ అధికారికంగా రాలేదు. గేముల పరీక్షల్లో కనిపించే పెద్ద తేడాలు చాలావరకు అత్యంత ఖరీదైన గ్రాఫిక్స్ కార్డుతో, 1080పీ రిజల్యూషన్‌లో తీసినవి. మీ 1660 సూపర్ దగ్గర ఆ తేడా మీకు అందదు.

మీ బోర్డు పాడైపోయినా, లేక మెమరీ పెంచి 5700ఎక్స్ పెట్టాక కూడా ఎక్స్‌పోర్ట్ కోసం గంటలు గంటలు కూర్చోవలసి వస్తున్నా, అప్పుడు ఏఎం5కు వెళ్లమని నేనే చెబుతాను, ఆ సాకెట్‌కు కనీసం 2027 వరకు కొత్త ప్రాసెసర్లు ఇస్తామని 2024లో ఏఎండీ చెప్పింది కూడా. ఈలోగా మీ ప్రాజెక్టు ఒకటి నడిపి, టైమ్‌లైన్ మీద ఉన్నప్పుడూ, ఎక్స్‌పోర్ట్ జరుగుతున్నప్పుడూ మెమరీ, ప్రాసెసర్ వాడకం ఎంతెంత ఉన్నాయో, కెమెరా ఏ ఫార్మాట్‌లో రికార్డు చేస్తుందో, బోర్డు మోడల్ ఏమిటో ఇక్కడ రాయండి. ముందుగా మెమరీ కొనాలో, ప్రాసెసర్ కొనాలో చూసి చెబుతాను.