ఆ యంత్రం మా నాన్నని ఒక్క నిమిషంలో చంపి మళ్లీ బతికించింది

"ఆసుపత్రి రికార్డుల మీద మెషిన్ లెర్నింగ్ వాడితే, గుండె జబ్బు ఉన్నవాళ్లలో ఎవరు బతుకుతారో, ఎవరికి ముప్పో ముందే తెలిసిపోతుందా? ఎంతవరకు నమ్మొచ్చు?" అని కదా మీరు అడిగింది. మెషిన్ లెర్నింగ్ అంటే పాత వివరాలు బోలెడు చూసి కంప్యూటరు తనంతట తానే నేర్చుకోవడం.

నేను డాక్టర్ని కాను, సాఫ్ట్‌వేరు వాణ్ణి అంతకన్నా కాను. మాది పర్లాకిమిడి, ఒడిశాలో గజపతి జిల్లా. ఇటు అడుగు తీసి అటు వేస్తే ఆంధ్రా, పాతపట్నం. ఆ వైపు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నాలుగేళ్లు మెడికల్ రికార్డుల గదిలో గుమాస్తాగా పనిచేశాను. ఇప్పుడు మా బావగారి మందుల కొట్టులో కూర్చుంటున్నాను. మీరు "రికార్డులు" అంటున్నారే, అవి కంప్యూటర్లో కొట్టిన చేతుల్లో ఇవి రెండు. అందుకని మాట్లాడతాను.

మా అక్క కొడుకు బరంపురంలో బీటెక్. కిందటి దసరాకి ఇంటికొచ్చాడు, చంకలో లాప్‌టాప్‌తో. ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు ఇదేనట, గుండె జబ్బు రోగి బతుకుతాడా లేదా చెప్పడం. వాడి దగ్గరున్నది 299 మంది జాబితా. పాకిస్తాన్‌లోని ఫైసలాబాద్‌లో 2015 ఏప్రిల్ నుంచి డిసెంబరు దాకా రెండు ఆసుపత్రుల్లో పోగుచేసిన హార్ట్ ఫెయిల్యూర్ రోగుల వివరాలు, అంటే గుండె రక్తాన్ని సరిగా తోయలేనివాళ్లవి. అందరూ 40 నిండినవాళ్లే. కనిపెట్టి ఉన్న ఆ కాలంలోనే 96 మంది పోయారు. ఇంటర్నెట్‌లో ఊరికే దొరుకుతుంది కాబట్టి మన బీటెక్ పిల్లల్లో సగం మంది దీని మీద పడతారు. మిగతా సగం 1988 నాటి క్లీవ్‌లాండ్ జాబితా, ఆ 303 మంది మీద. పుట్టకముందు నాటి అమెరికా రోగుల మీద మార్కులు తెచ్చుకుంటున్నారు, వీధి చివర ఆసుపత్రి గుమ్మం మాత్రం ఎక్కరు. సరే, ఆ గొడవ వేరు.

సంజెవేళ. కరెంటు వచ్చిపోతోంది. అరుగు మీద చాప, పడక్కుర్చీలో నాన్న. ఆయనకి 68. మూడేళ్ల కిందట హార్ట్ ఎటాక్ వస్తే విశాఖలో స్టెంట్ వేశారు. ఎకోలో, అదే గుండె స్కానింగ్‌లో, ఈఎఫ్ 30 వచ్చింది. ఒక్కో దెబ్బకి గుండె తనలోని రక్తంలో నూటికి ఎంత వంతు బయటికి తోస్తోందో ఆ లెక్క అది, మామూలుగా 55 పైన ఉండాలి.

"మావయ్యా, తాతయ్య ఫైలు పట్రా, చూపిస్తాను" అన్నాడు. ఫైలంటే చీరల కొట్టువాళ్లిచ్చిన సంచి. అందులోంచి కాగితాలు తీసి నేను చదువుతుంటే వాడు గడులు నింపాడు. వయసు, రక్తహీనత, షుగరు, బీపీ, ఈఎఫ్, క్రియాటినిన్ (రక్తంలో ఇది పెరిగితే కిడ్నీ పని తగ్గినట్టు), సోడియం, ప్లేట్‌లెట్లు, పొగతాగుడు. మొత్తం 12 గడులు. చివర్న "టైమ్" అని ఒకటి మిగిలింది.

"అదేటిరా?"

"ఏవో ఫాలో-అప్ రోజులు మావయ్యా. ఎంతో ఒకటి వేసేద్దాం" అని 10 కొట్టాడు.

ఎర్రటి అక్షరాలు పడ్డాయి. పోతాడట. కింద చిన్నగా యాక్యురసీ, అంటే నూటికి ఎన్నిసార్లు సరిగ్గా చెబుతుందో ఆ లెక్క, తొంభై దాటిన అంకె. వాడు పైకే చదివేశాడు, వెధవ. వంటింట్లోంచి అమ్మ, "సంజెవేళ ఆ మాటలేటర్రా ఇంట్లో!" అని గరిటె పట్టుకునే బయటికి వచ్చింది. నాన్న మాత్రం కదల్లేదు. "ఎన్నాళ్లంటాదిరా?" అన్నాడు, వాన సంగతి అడిగినట్టు.

నాకు ఎక్కడో తేడా కొట్టింది. లాప్‌టాప్ ఇటు తిప్పుకుని 10 చెరిపి 250 కొట్టాను. పచ్చటి అక్షరాలు. బతుకుతాడట. ఈఎఫ్ అదే, క్రియాటినిన్ అదే, కుర్చీలో మనిషి అదే.

ఇప్పుడు అసలు సంగతి. టైమ్ అంటే ఆ రోగిని ఎన్నాళ్లు కనిపెట్టి ఉన్నారో ఆ రోజులు. మనిషి పోతే లెక్క అక్కడితో ఆగుతుంది. అంచేత అంకె చిన్నదైతే చాలావరకు మనిషి పోయినట్టే. ఆ జాబితా తెరిచి చూడండి, నెల లోపల లెక్క ఆగినవాళ్లు దాదాపు అందరూ పోయినవాళ్లే. అంటే ఈ యంత్రం మనిషి ఎన్నాళ్లు ఉన్నాడో మనల్నే అడిగి, తర్వాత ఉంటాడో ఉండడో మనకే చెబుతోంది. పోయిన తేదీ చెప్పండి, ఆయుర్దాయం చెబుతాను అనే సిద్ధాంతిలాగ. ఈ రోజు మంచం మీదున్న రోగికి ఆ గడిలో ఏం వేస్తారండీ?

జాబితా తప్పు కాదు అది. 2020లో చికో, జుర్మన్ అనే ఇద్దరు దీని మీదే పేపరు రాశారు. వాళ్లు టైమ్‌ని పక్కన పెట్టి కూడా లెక్క కట్టారు. క్రియాటినిన్, ఈఎఫ్ ఈ రెండే చాలావరకు చెప్పేస్తాయన్నారు. పేపరు చదవకుండా జాబితా ఒక్కటే దింపుకునేవాళ్లతోనే వచ్చింది చిక్కంతా. మావాడు ఆ గడి తీసేస్తే యాక్యురసీ తొంభైల నుంచి డెబ్బైల్లోకి జారింది, వాడి మొహం ఇంకా కిందకి జారింది. కాలేజీలో గైడుకి చెబితే, "చూడ్డానికి బాగుండదు, పాతదే ఉంచు" అన్నాడట. ఆ గురువుగారికి నా నమస్కారాలు.

ఆ రెండే చాలు అన్నారు కదా, అక్కడ మా వైపు ఇంకో ముడి ఉంది. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, పలాస... ఉద్దానం పేరు మీరు వినే ఉంటారు. ఒడిశా గంజాం జిల్లాని ఆనుకునే ఉంటుంది. షుగరు లేదు, బీపీ లేదు, పొలం పనికి పోయే మనిషికి కిడ్నీలు పాడవుతాయి. ఎందుకో ఇదమిత్థంగా ఇంకా తేలలేదు. మా రికార్డుల గదికి ఆ ఊళ్ల నుంచి వచ్చే ఫైళ్లలో క్రియాటినిన్ 3, 4 అని ఉంటే ఎవరూ కళ్లు కూడా ఎత్తేవారు కాదు. ఫైసలాబాద్ లెక్కలో క్రియాటినిన్ పెరిగిందంటే, గుండె సరిగా తోయక కిడ్నీకి రక్తం చాలడం లేదేమో అని అర్థం రావచ్చు. ఉద్దానం మనిషికి గుండె జోలి లేకుండానే అది పెరిగి కూర్చుంటుంది. కిడ్నీ చెడితే గుండెకీ ముప్పే, కాదనను. కానీ అక్కడ నేర్చుకున్న తూకపురాయి తెచ్చి ఇక్కడ తూస్తే సరి తూగుతుందా? నన్నడిగితే తూగదు.

ఇదంతా ఒక ఎత్తు. నాకు ఒళ్లు మండేది ఫలితం గడి దగ్గర. యంత్రం నేర్చుకునేది దాన్ని చూసే కదా, ఎవరు బతికారు, ఎవరు పోయారు అని. ఆ గడి నింపేవాణ్ణి నేనే. మా దగ్గర నాలుగే మాటలు ఉండేవి. డిశ్చార్జ్, రిఫర్, లామా, ఎక్స్‌పైర్డ్. రిఫర్ అంటే వేరే ఆసుపత్రికి పంపడం, లామా అంటే డాక్టరు వద్దన్నా వెళ్లిపోవడం, ఎక్స్‌పైర్డ్ అంటే పోవడం.

ఒకసారి ఒడిశాలో గుణుపురం వైపు ముసలాయన. హార్ట్ ఫెయిల్యూర్, రికార్డుల్లో ఆ జబ్బు కోడు ఐ50. నాలుగో రోజుకి లాభం లేదని అందరికీ అర్థమైపోయింది. ఇంట్లో పోవాలి, ఇక్కడ కాదు. పైగా ఊపిరి ఉండగా బండి ఎక్కిస్తే ఒక కిరాయి, శవాన్ని రాష్ట్రం దాటించాలంటే ఇంకో కిరాయి, అదనంగా కాగితాలు. కొడుకులు సంతకం పెట్టారు. వ్యానులో సిలిండరు పెట్టి తీసుకుపోయారు. నేను "లామా" అని కొట్టాను. పన్నెండు రోజుల తర్వాత పెద్ద కొడుకు గుండుతో వచ్చాడు, బ్యాంకు పనికి ఏదో కాగితం కావాలని. పాతపట్నం దాటకుండానే ఊపిరి ఆగిపోయిందట. ఫైలు తీసి చూస్తే "వెళ్లేటప్పుడు బీపీ 120/80, నిలకడగా ఉన్నారు" అని ఉంది. ఆ 120/80 ఎవరూ చూసి రాసింది కాదు. దాని పైన పది రోగుల కాగితాల్లోనూ అదే ఉంది.

ఆ ఫైలు ఇప్పటికీ అలాగే ఉంటుంది. రేపు ఎవరో వచ్చి "ముప్పై రోజుల్లో మళ్లీ చేరలేదు, మరణం నమోదు కాలేదు" అని యంత్రానికి తినిపిస్తే, అది ఏం నేర్చుకుంటుంది? ఈఎఫ్ 20 ఉన్న గుణుపురం మనిషి నిక్షేపంలా ఉన్నాడని నేర్చుకుంటుంది. అలాంటివాళ్లు ఒకరిద్దరు కాదు. సరిహద్దు దాటి వచ్చిన ప్రతి మనిషీ సరిహద్దు దాటి వెళ్లగానే మా కంప్యూటర్లోంచి మాయమైపోతాడు. ఇంటి దగ్గర నొప్పి వస్తే పర్లాకిమిడి సర్కారు ఆసుపత్రికి పోతాడు, లేదంటే బరంపురం పెద్దాసుపత్రికి. అక్కడ వాళ్ల పుస్తకం వేరు.

ఒకసారి మా మేనేజరుగారు 40 మంది పేర్లిచ్చి, ఎలా ఉన్నారో ఫోన్ చేసి కనుక్కోమన్నారు. సగం నంబర్లు రోగివి కావు. ఒకటి ఆటోవాడిది. ఒకటి ఆసుపత్రి ఎదుట టిఫిన్ హోటల్ ఆయనది. ఆయన "నాకు తెల్దు బాబూ, ఆ రోజు ఫోన్ లేదంటే నాది రాయించుకున్నారు" అన్నాడు. ఇంకొకరు ఒడియాలో తిట్టి పెట్టేశారు.

అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ అనే చిన్న ఊళ్లో 1948లో 5,209 మందిని తీసుకుని, ఏళ్ల తరబడి, కొందరిని పోయేదాకా విడవకుండా వెంటపడి రాసుకున్నారు. వాళ్ల తర్వాత వాళ్ల పిల్లల్ని, మనవల్ని కూడా. బీపీ, కొలెస్ట్రాల్, పొగతాగుడు గుండెకి చేటని ఈ రోజు అందరూ పాఠంలా అప్పజెబుతున్నారే, ఆ ధైర్యం చాలావరకు అక్కడి నుంచి వచ్చిందే. మొదలెట్టినప్పుడు వాళ్ల దగ్గర మెషిన్ లెర్నింగూ లేదు, పాడూ లేదు. వెళ్లి తలుపు తట్టి "ఎలా ఉన్నారు?" అని అడిగే మనుషులు ఉన్నారు. మా దగ్గర అల్గారిథమ్ ఉంది, తలుపు తట్టేవాడు లేడు.

పొగ అంటే గుర్తొచ్చింది. మా వైపు ముసలమ్మలు అడ్డచుట్ట తాగుతారు, నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని. మా నాయనమ్మ అలా చుట్ట నోట్లో పెట్టుకునే బియ్యం ఏరేది, మాట్లాడేది. కేస్ షీట్‌లో "స్త్రీ" అని పడగానే పొగతాగుడు దగ్గర "నో" అని కొట్టేయడం మాకు అలవాటు. అడిగితే వాళ్లు చెబుతారు, సిగ్గేమీ పడరు. అడగం, అంతే. ఫైసలాబాద్ జాబితాలో 105 మంది ఆడవాళ్లలో పొగతాగేవాళ్లు నలుగురే. అక్కడ నిజంగానే అంతేనేమో, లేక నాలాంటి గుమాస్తా ఒకడు కూర్చున్నాడేమో.

ఇంకొకటి. ఆడవాళ్లు "గుండె నొప్పి" అనరు. "గ్యాస్ పట్టేసింది బాబూ, ఎగశ్వాసగా ఉంది" అంటారు. షీట్‌లో "గ్యాస్ట్రైటిస్" అని పడుతుంది. వాడుక మాట కోసం గిడుగు రామమూర్తి పంతులుగారు పోరాడింది మా ఊళ్లోనే. ఆసుపత్రి కాగితం దాకా ఆ పోరాటం ఇంకా రాలేదు.

మళ్లీ మా నాన్న దగ్గరికి వస్తాను. ఆయన పేరులో "వెంకట" ఉంది. ఆంధ్రా ఆసుపత్రి ఫైల్లో అలాగే ఉంది. ఒడిశా కార్డులో "బెంకట" అయింది, ఒడియాలో మన "వ" అలా "బ" అయిపోతుంది. విశాఖలో ఇంటిపేరు పొట్టి చేసి ముందు రెండు అక్షరాలు పెట్టారు. యంత్రం కళ్లకి ముగ్గురు మనుషులు. ఒకడు ఎటాక్‌తో వచ్చి రిఫర్ అయి ఏమయ్యాడో తెలీదు. రెండోవాడు స్టెంట్ వేయించుకుని తిరిగి మొహం చూపించలేదు. మూడోవాడు నెలనెలా బీపీ బిళ్లలు తీసుకుపోతున్నాడు, వాడికి గుండె జబ్బు ఎన్నడూ లేదు.

కాబట్టి మీ ప్రశ్నకి నా జవాబు: లెక్కని నమ్మండి, దాని కింద పరిచిన కాగితాన్ని నమ్మకండి. మీ ఇంట్లోవాళ్లకి ఎవరైనా ఇలా పర్సెంటేజీ చెబితే రెండు సంగతులు అడగండి. ఇది నేర్చుకున్నది ఏ ఊరి రోగుల మీద? ఇంటికి వెళ్లిపోయినవాళ్లు తర్వాత ఏమయ్యారో కనుక్కున్నారా? రెండోదానికి నీళ్లు నమిలితే డాక్టరు మాటే వినండి, మందులు మానకండి.

మావాడు చివరికి ఆ టైమ్ గడి లేకుండానే ప్రాజెక్టు ఇచ్చాడు, మార్కులు తగ్గాయి. నాన్న పొద్దున్నే మహేంద్రతనయ నది వైపు నడిచి వస్తున్నాడు, మెల్లగా, మధ్యలో రెండుసార్లు కూర్చుని. మనవడు ఫోన్ చేస్తే చాలు, ముందు అడిగేది ఒక్కటే.

"ఒరే, నేను ఎర్రగా ఉన్నానా, పచ్చగా ఉన్నానా?"