పాప పళ్ల మీద ‘స్టడీ’ అంటున్నారు, సంతకం పెట్టమంటారా?

పళ్ల డాక్టరమ్మకు పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మాది పామూరు దగ్గర పల్లె. మా అమ్మాయికి పన్నెండేళ్లు, ఏడో తరగతి. ముందు పళ్ల మీద గోధుమరంగు మచ్చలున్నాయి. బడిలో క్యాంపు పెట్టిన డెంటల్ కాలేజీ వాళ్లు చూసి, మచ్చలకు ఉచితంగా ట్రీట్‌మెంట్ చేస్తామన్నారు. కాని ఇది స్టడీ అట, కుడివైపు పళ్లకు ఒక పద్ధతి, ఎడమవైపు పళ్లకు ఇంకో పద్ధతి చేస్తారట. నాలుగు పేజీల కాగితం ఇచ్చి సంతకం పెట్టి పంపమన్నారు. మా అమ్మేమో ‘ఆడపిల్ల నోట్లో ప్రయోగాలేందిరా’ అని ఒప్పుకోవడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, పామూరు మండలం

జవాబు: మీ అమ్మగారి భయం ఉత్తిది కాదు. స్వీడన్‌లో విపెహోల్మ్ అనే చోట బుద్ధి ఎదగనివాళ్లను ఉంచే ఆసుపత్రి ఉండేది. 1940ల్లో అక్కడివాళ్లకు పళ్లకు అంటుకునే టాఫీలు కావాలనే తినిపించి, పళ్లు ఎంత పుచ్చుతాయో లెక్కగట్టారు. భోజనంతో పాటు తినే తీపి కంటే మధ్యమధ్యలో తినే జిగురు తీపే పళ్లకు ఎక్కువ చేటని తేలింది వాళ్ల నోళ్ల నుంచే. నేను రోజూ తల్లులకు చెప్పే మాట అదే. చెప్పిన ప్రతిసారీ, ఆ పళ్లు పోగొట్టుకున్నవాళ్లను ‘మీకు ఇష్టమేనా’ అని ఎవరూ అడగలేదే అని మనసు చివుక్కుమంటుంది.

అంత దూరం ఎందుకు, నేను చదువుకునే రోజుల్లో ఒక చోట కళ్లారా చూశాను. చిగుళ్ల స్టడీ కోసం ఒక పెద్దాయనను కుర్చీలో కూర్చోబెట్టి, ఇంగ్లీషు కాగితం మీద వేలిముద్ర వేయించారు. ‘ఇది దేనికమ్మా, రేషన్‌కా?’ అని ఆయన నన్నడిగాడు. నేను జూనియర్‌ని, నోరు మెదపలేదు. సిరా అంటిన బొటనవేలిని పంచెకు తుడుచుకుంటూ ఆయన వెళ్లిపోయాడు. అప్పుడు మాట్లాడాల్సింది, మాట్లాడలేదు. అందుకే ఇవాళ మీకు ఇంత పొడుగు జవాబు రాస్తున్నాను.

అలాగని స్టడీ అనగానే వద్దనకండి. నాదీ కనిగిరి వైపే. మా అమ్మ జీవితమంతా నోటికి కొంగు అడ్డం పెట్టుకునే నవ్వింది. గార పళ్లని, సరిగ్గా తోముకోరని చుట్టాలు అనేవాళ్లు. అది గార కాదు, తోముకోకపోవడం వల్ల రాలేదు, తాగే నీళ్ల వల్ల వచ్చిందని చెప్పింది పరిశోధనే. అమెరికాలో కొలరాడో వైపు మెకే అనే డెంటిస్టు 1901 నుంచి ఇవే మచ్చల వెంట పడ్డాడు. నీళ్లలోని ఫ్లోరైడే కారణమని 1931లో గాని తేలలేదు. ఆ తర్వాత ఆరేళ్లకు, 1937లో, షార్ట్ అనే డాక్టరు, ఆయనతో పనిచేసినవాళ్లు నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్‌ను, అంటే ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లకు, ఎముకలకు వచ్చే జబ్బును, గుర్తించి రాశారు. అప్పటికి కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలన్నీ నెల్లూరు జిల్లాలోవే. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా వచ్చినప్పుడు అందులో కలిశాయి. మన పెద్దవాళ్ల పళ్లు, ఎముకలు చూసి డాక్టర్లు నేర్చుకున్న చదువు ఇది. దాని ఫలితం మన పిల్లలకు దక్కాలని నాకు ఆశ.

ఇక కుడి, ఎడమ సంగతి. ఇద్దరు వేర్వేరు పిల్లలకు వేర్వేరు ట్రీట్‌మెంట్లు చేస్తే, తేడా వచ్చింది ట్రీట్‌మెంట్ వల్లా, వాళ్లు తాగే నీళ్ల వల్లా, తోముకునే తీరు వల్లా అన్నది చెప్పడం కష్టం. ఒకే నోట్లో చేస్తే ఆ గొడవ ఉండదు. ఏ వైపు ఏ పద్ధతో డాక్టరు తన ఇష్టం వచ్చినట్టు ఎంచుకోకూడదు. లాటరీ లాగా తీయాలి, మూసిన కవరు అప్పటికప్పుడు విప్పాలి. లేకపోతే డాక్టరు తనకు నచ్చిన పద్ధతికి తేలిక మచ్చలున్న వైపు ఇచ్చేస్తాడు, తెలియకుండానే. చివర్లో మచ్చలు ఎంత తగ్గాయో చూసే మనిషికి ఏ వైపు ఏం చేశారో తెలియకూడదు. ఫొటోలు తీసేటప్పుడు కూడా పన్ను ప్రతిసారీ ఒకేలా తడిగా ఉండాలి. నా క్లినిక్‌లో గాలి కొట్టి పన్ను ఆరబెడితే, అప్పటిదాకా కనపడని సుద్దగీతలు తెల్లగా పైకి తేలతాయి. ఒక ఫొటో తడిగా, ఒకటి పొడిగా తీస్తే లెక్కంతా తప్పు.

వాళ్లు చేసే పద్ధతుల పేర్లు మీరు రాయలేదు. ఇలాంటి మచ్చలకు మామూలుగా చేసేవి రెండు. ఒకటి, పలచటి ఆమ్లం, ప్యూమిస్ పొడి కలిపిన ముద్దతో పన్ను పైపొరను సన్నగా అరగదీయడం. పోయేది మిల్లీమీటర్లో పదో వంతుకు అటూ ఇటూ. రెండోది జర్మనీలో తయారైన పద్ధతి. పన్ను పైపొరలోని సన్నటి రంధ్రాల్లోకి నీళ్లలా పలచగా ఉండే రెజిన్ అనే జిగురును ఇంకించి, లైటు పెట్టి గట్టిపరుస్తారు. రెండూ ఇప్పటికే వాడుకలో ఉన్నవే. ఇవే అయితే పాప నోట్లో కొత్త మందేదో పోస్తున్నారన్న టెన్షన్ అక్కర్లేదు. వేరే పేరు చెబితే మాత్రం నాకు మళ్లీ రాయండి.

సంతకానికి ముందు ఆ నాలుగు పేజీలు తెలుగులో ఉన్నాయో లేదో చూడండి. ఇంగ్లీషులో ఉంటే తెలుగు కాగితం ఇచ్చేదాకా సంతకం వద్దు. ఒక కాపీ మీ దగ్గరే ఉంచుకోండి. సీటీఆర్ఐ అన్న అక్షరాలతో మొదలయ్యే నంబరు అడగండి. మనుషుల మీద చేసే స్టడీలను నమోదు చేసేందుకు, కేంద్ర ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ 2007లో మొదలుపెట్టిన రిజిస్ట్రీ అది. మొదటి పేషెంటును చేర్చుకోకముందే స్టడీని అందులో నమోదు చేయాలి. నెట్‌లో ఎవరైనా చూడొచ్చు, మీ ఊళ్లో ఇంటర్ చదివే పిల్లాడైనా చూసి పెడతాడు. స్టడీలో చేరినవాళ్లకు అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబరు కాగితం మీద ఉండాలి. లేకపోతే ఎందుకు లేదని అడగండి. స్టడీ వల్ల పాపకు ఏదైనా ఇబ్బంది వస్తే ట్రీట్‌మెంట్ ఖర్చు ఎవరు పెట్టుకుంటారో అడగండి. దారి ఖర్చులు ఇస్తారా అనీ అడగండి, తప్పేం లేదు. ప్రతిసారీ బస్సు ఛార్జీలు, మీ ఒకరోజు కూలీ పోతాయి కదా.

అన్నిటికంటే ముఖ్యం, ఒకవైపు బాగా తెల్లబడి రెండోవైపు అలాగే ఉండిపోతే ఏం చేస్తారు? ‘స్టడీ అయ్యాక రెండోవైపు కూడా ఉచితంగా సరిచేస్తాం’ అని రాసి ఇవ్వమనండి. ఆడపిల్ల సగం నవ్వుతో బడికి పోకూడదు.

పాపను కూడా అడగండి. ఏడేళ్లు దాటిన పిల్లల ఇష్టం కూడా తెలుసుకోవాలని ఐసీఎంఆర్ నియమం. మీరు సరేనన్నా తను వద్దంటే వద్దే. చేరిన తర్వాత మధ్యలో మానేసినా ఎవరూ ఏమీ అనకూడదు, ఆ కాలేజీలో మామూలు ట్రీట్‌మెంట్ ఆపకూడదు. మీ అమ్మగారిని కూడా వెంట తీసుకెళ్లి, ఆమె అడగాలనుకున్నవి ఆమెనే అడగనివ్వండి. వీటన్నిటికీ విసుక్కోకుండా జవాబు చెప్పే డాక్టరైతే, నా కూతురైనా సరే నేను చేర్పిస్తాను.

ఇంట్లో ఇంకా చిన్నపిల్లలుంటే వాళ్ల నీళ్లు ముందు చూడండి. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5 దాకా. గ్రామీణ నీటి సరఫరా వాళ్ల ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. కాచితే ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరై తగ్గేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

ప్రశ్న: ఫ్లోరిన్‌తో పళ్లు పాడవుతాయంటారు, మళ్లీ ఫ్లోరైడ్ పేస్టే వాడమంటారు. మా బాబుకు నాలుగేళ్లు. ఏది నిజమండీ?
– ఒక తల్లి, కందుకూరు

జవాబు: రెండూ నిజమేనమ్మా. తాగిన ఫ్లోరైడ్ రక్తంలో కలిసి, చిగురు లోపల ఇంకా తయారవుతున్న పన్నును చేరుతుంది. ఎక్కువైతే మచ్చలు అక్కడే పడతాయి. ఆ ప్రమాదం ఎనిమిదేళ్ల లోపే. పేస్టులోది బయటికి వచ్చిన పన్నును పైనుంచి తాకి, పుచ్చకుండా కాపాడుతుంది. పిల్లల మీద చేసిన 70 ట్రయల్స్‌ను, అంటే 42 వేల మందికి పైగా పిల్లల లెక్కలను, 2003లో ఒకచోట కలిపి చూశారు. ఫ్లోరైడ్ పేస్టు వాడినవాళ్లలో పిప్పి పళ్లు సగటున 24 శాతం తగ్గాయి.

కాబట్టి పేస్టు మానొద్దు, మింగనివ్వొద్దు. మీ బాబుకు బఠాణీ గింజంత చాలు. మూడేళ్ల లోపు పిల్లలకైతే బియ్యపు గింజంత. టీవీలో చూపించినట్టు బ్రష్ నిండా పెట్టకండి. తోముకున్నంతసేపూ పక్కనే నిలబడి ఉమ్మించండి. ట్యూబు వాడి చేతికి అందకుండా పైన పెట్టండి, తియ్యగా ఉంటే పిల్లలు చప్పరిస్తారు.

ప్రశ్న: పేస్టు డబ్బా మీద ‘క్లినికల్లీ ప్రూవ్డ్’ అని ఉంటే నమ్మొచ్చా?
– డిగ్రీ విద్యార్థి, కావలి

జవాబు: దేనితో పోల్చి ప్రూవ్ చేశారో చూడు బాబూ. పేస్టు లేని ఉత్త బ్రష్‌తో పోలిస్తే ఫ్లోరైడ్ ఉన్న ఏ పేస్టైనా గెలుస్తుంది. పోల్చాల్సింది మామూలు ఫ్లోరైడ్ పేస్టుతో. ఎన్నాళ్లు చూశారన్నది కూడా ముఖ్యమే. రెండు వారాల్లో చిగుళ్ల నుంచి రక్తం తగ్గిందని చూపొచ్చు గాని, పన్ను పుచ్చడం ఆగిందని చూపలేరు, దానికి రెండు మూడేళ్లు పడుతుంది. ఇవేవీ రాయకపోతే డబ్బా వెనక్కి తిప్పు. ఫ్లోరైడ్ 1000 పీపీఎం దగ్గర ఉంటే చాలు, వాటిలో తక్కువ ధరది కొనుక్కో.