లోపలికి దిగని మనిషికి ముందు నేర్పు

చిరంజీవి అమ్మాయికి,

బాబాయి ఆశీస్సులు. నీ ఉత్తరం, దానితో పంపిన పాఠం రెండూ చదివాను. ట్యాంకుల్లోకి, గోతుల్లోకి, మ్యాన్‌హోళ్ళలోకి దిగి పనిచేసేవాళ్ళకు వచ్చే నెల నుంచి భద్రతా శిక్షణ నువ్వే ఇవ్వాలని మీవాళ్ళు తేల్చారన్న కబురు నాకు సంతోషమే. నువ్వు తయారు చేసిన డెబ్బై స్లయిడ్లలో తప్పులు వెతుకుదామని కూర్చున్నాను. ఒక్కటీ దొరకలేదు. గొడవంతా అక్కడే ఉంది. తప్పులేని పాఠం విని, తలలూపి, హాజరు పట్టీలో సంతకం పెట్టినవాళ్ళే మర్నాడు పక్కవాడు పడిపోగానే వెనకే దిగిపోతారు.

నా కథ నీకు ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. మేము పనిచేసే చోట నేలమట్టానికి మూత ఉన్న ఇనుప ట్యాంకు ఒకటి ఉండేది. అందులో ఉండేది ఆమ్లం కాదు, చమురు కాదు, మంచినీళ్ళు. ఆ నీళ్ళు తోడేసి, మూత బిగించి కొన్ని నెలలు వదిలేశారు. లోపలి గోడలు ఎంత తుప్పు పట్టాయో చూసి రమ్మని ఒకతన్ని పంపారు. నిచ్చెన మీద నాలుగో మెట్టో ఐదో మెట్టో దిగి చేతులు వదిలేశాడు. అరవలేదు, దగ్గలేదు. పైనున్న రెండో అతను ‘కాలు జారినట్టుంది’ అంటూ దిగాడు. అతనూ అంతే. మూడోవాణ్ణి నేను. ఒక కాలు అప్పటికే లోపల పెట్టాను. మా గుంపులో అందరికన్నా పెద్దాయన, సంతకం చేయడం కూడా రానివాడు, నా కాలరు పట్టుకుని వెనక్కి లాగి పడేసి ఛాతీ మీద కూర్చున్నాడు. తిట్టాను, కొట్టాను. ఆయన లేవలేదు. లోపలున్న ఇద్దరూ దక్కలేదు.

ట్యాంకులో విషం ఏదీ లేదని తరవాత తేలింది. ఇనుము తుప్పు పడుతూ పడుతూ లోపలి ఆక్సిజన్‌ను తినేసింది, అంతే. ఆ పెద్దాయనతో నేను ఏడాది పాటు మాట్లాడలేదు. నా స్నేహితులను కాపాడనివ్వలేదని కోపం.

అమెరికాలో వృత్తి భద్రతపై పరిశోధన చేసే నియోష్ సంస్థ 1986లో చెప్పిన సంగతి నీకు తెలిసే ఉంటుంది. ఇలాంటి చోట్ల చనిపోయినవాళ్ళలో 60 శాతానికి పైగా ఇతరులను కాపాడబోయినవాళ్ళే. ఆ మాట నీ పాఠంలో అరవై రెండో స్లయిడ్‌లో ఉంది, అదీ చిన్న అక్షరాల్లో. దాన్ని మొదటికి తీసుకురా. లోపలికి దిగేవాడికన్నా ముందు, బయట నిలబడేవాడికి నేర్పు. మిగిలిన పాఠమంతా ఆ గుంజకు కట్టు.

గ్యాసుల పట్టికతో మొదలుపెట్టకు. ఇలా మొదలుపెట్టు. గదిలో అందరినీ ఊపిరి బిగబట్టమను, గుండె జబ్బున్నవాళ్ళను వదిలేసి. కాసేపటికి ఒక్కొక్కరే ఆయాసంతో వదిలేస్తారు. ‘ఎందుకు వదిలేశారు?’ అని అడుగు. ‘ఆక్సిజన్ అయిపోయింది’ అంటారు. కాదు. ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకోవడం వల్ల ఆ ఉక్కిరిబిక్కిరి వచ్చింది. ఆక్సిజన్ లేని ట్యాంకులో మనిషి ఊపిరి ఎప్పటిలాగే తీసి వదులుతుంటాడు, కార్బన్ డయాక్సైడ్ ఎప్పటిలాగే బయటికి పోతుంటుంది, కాబట్టి ఒళ్ళు గంట కొట్టదు. పైగా ప్రతి ఊపిరీ రక్తంలో ఉన్న ఆక్సిజన్‌ను కూడా బయటికి లాగేస్తుంది. ‘ఇబ్బందిగా అనిపిస్తే బయటికి వచ్చేస్తాం’ అనేవాళ్ళు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు. అనిపించదని వాళ్ళ చేతే చెప్పించు.

అంకెలు ఆ తరవాత. మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం. లోపలికి వెళ్ళడానికి 19.5కు తగ్గకూడదు, 23.5కు మించకూడదు. 16 కిందికి వస్తే తెలివి మందగిస్తుంది, 6 కన్నా తక్కువైతే రెండు మూడు ఊపిరుల్లోనే కుప్పకూలతాడు. ఇవి అందరూ చెబుతారు. చాలామంది చెప్పనిది ఒకటుంది. గాలిని కొలిచే గ్యాస్ మీటరు 19.9 చూపితే ‘హద్దులోనే ఉంది’ అని సంతోషపడతారు. గాలిలో ఆక్సిజన్ అయిదో వంతే కదా. వేరే వాయువు వచ్చి చేరడం వల్ల ఆక్సిజన్ ఒక శాతం తగ్గిందంటే, వచ్చి చేరింది దాదాపు 5 శాతం అన్నమాట. 5 శాతమంటే 50,000 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 50,000. అది నైట్రోజన్ అయితే ఒక సంగతి, మరేదైనా అయితే మరో సంగతి. అంకె హద్దులో ఉందా అని కాదు, 20.9 ఎందుకు లేదు అని అడగడం అలవాటు చేయి. నా దగ్గర నేర్చుకున్నవాళ్ళలో ఈ ప్రశ్న పట్టుబడినవాళ్ళ గురించి నేను నిశ్చింతగా ఉండేవాణ్ణి.

హైడ్రోజన్ సల్ఫైడ్ దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగు. కుళ్ళిన కోడిగుడ్డు వాసన అని ప్రతివాడూ చెబుతాడు. ఆ వాసన మీద ధీమాయే కొంప ముంచుతుంది. 100 పీపీఎం దగ్గరికి వచ్చేసరికి ముక్కు పనిచేయడం మానేస్తుంది. ‘ఇందాక వాసన వచ్చింది, ఇప్పుడు పోయింది’ అని ఎవరైనా అంటే గ్యాస్ పోయిందని అర్థం కాదు, ముక్కు పోయిందని. ఇంకో సంగతి, అడుగున పేరుకున్న బురదలో ఈ గ్యాస్ బందీగా ఉంటుంది. పొద్దున పరీక్షలో ఏమీ కనబడదు. పార పెట్టి కదిపిన మరుక్షణం పైకి లేస్తుంది. అందుకే లోపలున్నంతసేపూ మీటరు మనిషి ఒంటి మీద, ముఖానికి దగ్గరగా ఉండాలి. దిగేముందు ఒకసారి చూసి పెట్టెలో పెట్టేసే వస్తువు కాదది.

మీటరును నువ్వు చూపించకు, వాళ్ళ చేతికివ్వు. ముందు మంచి గాలిలో ఆన్ చేయమను. వాడే ప్రతి రోజూ, తెలిసిన గ్యాస్ కొంచెం పట్టించి అలారం మోగుతోందో లేదో చూడమను. తరవాత గొట్టం దించి పైన, మధ్యలో, అడుగున కొలవమను. లోతైన చోట ప్రతి 1.2 మీటర్లకు ఒకసారి ఆగాలి. మీథేన్ గాలికన్నా తేలిక, పైకి చేరుతుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ బరువు, అడుగుకు దిగుతుంది. కార్బన్ మోనాక్సైడ్ దాదాపు గాలి బరువే, ఎక్కడైనా ఉంటుంది. గొట్టం చివరి గాలి మీటరు దాకా రావడానికి సమయం పడుతుంది. దించిన వెంటనే అంకె చదివేవాడు గొట్టంలో ఉన్న పాత గాలిని చదువుతున్నాడు. నేనైతే ఒకణ్ణి గడియారం పట్టుకుని నిలబెట్టేవాణ్ణి.

వరసెందుకో కూడా చెప్పు. మొదట ఆక్సిజన్, తరవాత మండే గ్యాసులు, ఆపైన విషవాయువులు. చాలా మీటర్లలో మండే గ్యాస్ సెన్సర్ లోపల ఆ గ్యాస్‌ను చిన్నగా మండించి కొలుస్తుంది. మండడానికి ఆక్సిజన్ కావాలి. అది లేని చోట, ట్యాంకు నిండా గ్యాస్ ఉన్నా అంకె తక్కువే కనబడుతుంది. ఒక్కసారి పైకి లేచి వెంటనే సున్నాకు పడిపోయిన అంకెను చూసి ఊరట పొందినవాళ్ళను చూశాను. గ్యాస్ మరీ ఎక్కువైనప్పుడూ అలాగే పడుతుంది. ఇంకా ఒక తికమక ఉంటుంది. మీటరు మీద 100 అంటే గాలి మొత్తం గ్యాస్ అని కాదు, మంట అంటుకోవడానికి సరిపడా ఉందని. మీథేన్‌కు అది గాలిలో 5 శాతమే. అందులో పదో వంతుకే, అంటే మీటరు 10 చూపగానే, అందరూ బయట ఉండాలి.

పైపులు వేరుచేయడం, కరెంటు తాళాలు వేయడం గురించి నీ స్లయిడ్లు బాగున్నాయి, కదపకు. ఒక్కటే చేర్చు: ‘వాల్వు కట్టేశాం’ అనే జవాబును ఒప్పుకోకు. వాల్వు కారుతుంది. పైపుల అతుకు దగ్గరి ఫ్లాంజి విప్పి మధ్యలో గట్టి పలక వేశారా, లేక పైపే ఊడదీశారా అని అడగాలి. లోపల తిరిగే కలుపుడు రెక్కలుంటే, వాటి స్విచ్చుకు దిగేవాడు తన తాళం వేసుకుని, తాళంచెవి తన జేబులోనే పెట్టుకోవాలి. సూపర్‌వైజర్ ఎంత మంచివాడైనా సరే.

లోపలికి గాలి కొట్టే బ్లోయర్ గురించి రెండు మాటలు. గొట్టం మూతి మ్యాన్‌హోల్ అంచున వేలాడుతుంటే గాలి పైపైనే తిరిగి బయటికి వచ్చేస్తుంది, అడుగున ఉన్నది అడుగునే ఉంటుంది. గొట్టం అడుగుదాకా వెళ్ళాలి. బ్లోయర్ గాలి పీల్చే చోటికి దగ్గరలో ఏ డీజిల్ ఇంజనూ పొగ వదలకూడదు, లేకపోతే కార్బన్ మోనాక్సైడ్‌ను మనమే లోపలికి పంపినట్టు. గాలికి బదులు సిలిండర్ ఆక్సిజన్ వదులుదామనే తెలివైనవాడు కూడా ఒకడు తగులుతాడు. ఆక్సిజన్ ఎక్కువైన చోట ఒంటి మీది బట్టలే నిప్పురవ్వకు భగ్గుమంటాయి. ముక్కుకు కట్టుకునే గుడ్డా, గ్యాస్ వడగట్టే మాస్కూ లేని ఆక్సిజన్‌ను పుట్టించలేవని మూడుసార్లు చెప్పు. నాలుగోసారి వాళ్ళనే చెప్పమను.

లోపలికి దిగడానికి అనుమతిచ్చే పర్మిట్ కాగితాన్ని తరగతి గదిలో నింపించకు. మ్యాన్‌హోల్ దగ్గరికి తీసుకెళ్ళి, కొలిచిన అంకె అక్కడే రాయించు. ఆఫీసు బల్ల మీద నింపిన పర్మిట్‌ను నేను అబద్ధం కిందే లెక్కపెడతాను. విరామానికి వెళ్ళి వచ్చినా, లోపల వెల్డింగో పెయింటో మొదలైనా గాలి మారినట్టే, మళ్ళీ కొలవాలి.

ఇప్పుడు అసలు మనిషి దగ్గరికి వద్దాం. బయట కాపలాకు సాధారణంగా ఎవరిని పెడతారో నీకు తెలుసు. కొత్తగా వచ్చినవాణ్ణి, ఒంట్లో బాగాలేనివాణ్ణి, ఏ పనీ లేనివాణ్ణి. మధ్యలో ‘ఆ స్పానర్ పట్రా’ అని పంపేస్తారు కూడా. నువ్వు దీన్ని తలకిందులు చేయాలి. గుంపులో అందరికన్నా నిబ్బరం ఉన్నవాణ్ణి అక్కడ నిలబెట్టు. లోపల ఎంతమంది ఉన్నారు, ఎవరెవరు, ఎప్పుడు దిగారు అన్నది అతని దగ్గర రాసి ఉండాలి. మాట వినబడకపోతే తాడు గుర్తులు ముందే అనుకుని ఉండాలి. ‘బయటికి రండి’ అని అతను అంటే మేనేజరైనా రావాలి. మరో పని ఏదీ అతనికి ఇవ్వకూడదు. చోటు కదలాలంటే ఇంకొకరు వచ్చి నిలబడాకే.

లోపలివాడు పడిపోతే అతను చేయాల్సినవి రెండే: సహాయానికి కబురు చేయడం, బయటి నుంచే విన్చ్, అంటే తాడు చుట్టే యంత్రం, తిప్పి లాగడం. దిగేవాడికి ఒంటి నిండా హార్నెస్ పట్టీలు, వాటికి తాడు, పైన మూడుకాళ్ళ ట్రైపాడ్, విన్చ్ ముందే ఉంటేనే రెండోది జరుగుతుంది. ఆక్సిజన్ అందని మెదడు నాలుగు నుంచి ఆరు నిమిషాల్లో దెబ్బతినడం మొదలవుతుంది. ఎంత దగ్గరున్న ఫైరింజనైనా అంతలోపల వచ్చి, మనిషిని బయటికి తీయడం కష్టం. కాబట్టి ‘ప్రమాదం జరిగితే ఫోను చేస్తాం’ అన్నది ఏర్పాటు కాదు.

తాడు చిక్కుకుపోయిందనుకో, లేదా తాడు కట్టలేని వంకర చోటు అనుకో. అప్పుడు కాపలా మనిషి ఏం చేస్తాడు? నీ తరగతిలో ఈ ప్రశ్న వేసి ఊరుకో. నిశ్శబ్దం ఎంతసేపు సాగినా మాట్లాడకు. చివరికి ఎవరో ఒకరు ‘దిగుతాను’ అంటారు. నిజం చెప్పినందుకు అతన్ని మెచ్చుకో. తరవాత, గాలి సిలిండర్ వీపున వేసుకుని దిగడం నేర్చిన దళం వచ్చేదాకా స్నేహితుడి పక్కన ఊరికే నిలబడటం ఎంత కష్టమో మాట్లాడండి. అది పిరికితనం కాదని ముందే, ప్రశాంతంగా ఉన్నప్పుడే, వాళ్ళలో వాళ్ళు చెప్పుకోవాలి. ఆ నిమిషంలో చెబితే ఎక్కదు. నాకు ఎక్కలేదు.

ఆ మాట కూడా నోటితో చెబితే చాలదు, ఒంటికి అలవాటు కావాలి. అందుకే మాక్ డ్రిల్. ఏడాదికి ఒకసారైనా చేయాలని నిబంధనలు అంటాయి, నువ్వు ప్రతి బ్యాచ్‌తోనూ చేయి. చెప్పకుండా చేయి. ఇసుక నింపిన బొమ్మను లోపల పడేసి, బయటున్నవాడి కాళ్ళు ఎటు కదులుతాయో చూడు. మొదటిసారి పదిమందిలో సగం మంది మూత దగ్గరికి పరిగెత్తుతారు. తిట్టకు. మళ్ళీ చేయించు, కాళ్ళు విన్చ్ వైపు కదిలేదాకా.

చివరి పరీక్ష కాగితం మీద పెట్టొద్దు. రెండు రోజుల పనికి వచ్చే కాంట్రాక్టు కూలీలలో చదవలేనివాళ్ళుంటారు. నా ఛాతీ మీద కూర్చున్నాయన చదవలేడు.

బొమ్మ బరువు 75 కిలోలకు తగ్గకుండా చూడు. తేలిక బొమ్మతో చేస్తే విన్చ్ సులువుగా తిరుగుతుందని నమ్మేస్తారు. డ్రిల్ పెట్టబోయే మ్యాన్‌హోళ్ళ వెడల్పు నువ్వే టేపు పెట్టి కొలిచి, మరుసటి ఉత్తరంలో రాయి. సిలిండర్ వేసుకున్న మనిషి అందులో పట్టకపోతే అక్కడ డ్రిల్ వేరుగా చేయాలి. బొమ్మకు భుజాలు ఎంత వెడల్పు కుట్టించాలో కూడా అప్పుడే చెబుతాను.

నీ బాబాయి