ఫిల్టర్ కాఫీ పిప్పి గులాబీకి, నిమ్మకు ఎరువవుతుందా? ఇంట్లో ఇంకెందుకు పనికొస్తుంది?

మీరు మూడు సంగతులు అడిగారు. డికాక్షన్ తీశాక మిగిలే పిప్పిని గులాబీ, నిమ్మ మొదళ్లలో వేస్తే బోరు నీళ్లతో చెడిన మట్టి కాస్త పులుపెక్కి ఆకుల పసుపు తగ్గుతుందా, ఆ పిప్పితో గిన్నెలు తోమవచ్చా, దోమలు నిజంగానే పోతాయా అన్నవి ఆ మూడు. నల్లగొండలో బోరు నీటి మీదే మిద్దె తోట పెంచుతూ, ఇంట్లో రోజూ వచ్చే పిప్పిని ఏళ్లుగా వాడుతున్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను: కాఫీ పిప్పి మంచి కంపోస్టు సరుకే గానీ మట్టికి మందు కాదు.

కాఫీ పుల్లగా ఉంటుంది కనుక పిప్పి కూడా మట్టిని పుల్లబరుస్తుందన్న నమ్మకం బాగా పాతుకుపోయింది. అయితే కాఫీలోని ఆమ్లాల్లో చాలా భాగం నీటిలో కరిగేవే. వేడినీళ్లు పోయగానే అవి డికాక్షన్‌తో పాటు ఫిల్టర్ కింది గిన్నెలోకి దిగిపోతాయి. పైగిన్నెలో మిగిలే పిప్పి ఉదజని సూచిక (pH) చాలావరకు 6.5, 6.8 మధ్యన, అంటే తటస్థానికి దగ్గరగానే ఉంటుంది. మరోవైపు మా నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న భూగర్భ జలాల్లో సాధారణంగా బైకార్బొనేట్లు కూడా ఎక్కువే. ఆ నీళ్లు రోజూ పోస్తుంటే కుండీ అంచు వెంట, అడుగు రంధ్రం చుట్టూ తెల్లటి పొర కట్టడం మీరు చూసే ఉంటారు. రోజూ అంత క్షారం పోస్తూ, వారానికో గుప్పెడు పిప్పి దాన్ని విరుస్తుందని ఆశించడం అత్యాశే.

ఆకుల పసుపు విషయంలో ముందు ఏ ఆకులు పసుపెక్కుతున్నాయో చూడండి. కొమ్మ చివరి లేత ఆకులు పసుపెక్కి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగానే నిలిచి ఉంటే అది చాలామటుకు ఇనుప ధాతు లోపం. మట్టిలో ఇనుము ఉన్నా, క్షారం ఎక్కువైనప్పుడు వేళ్లు దాన్ని తీసుకోలేవు. దీనికి పిప్పి పనికిరాదు. పాలమూరు (మహబూబ్‌నగర్) వైపు వేరుశనగ వేసే రైతులు లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి చల్లపూట ఆకులపై పిచికారీ చేస్తారు. నేను గులాబీకీ ఆ పాళ్లే వాడుతున్నాను, కొత్తగా వచ్చిన చిగుళ్లు బాగానే ఉంటున్నాయి. పిచికారీ నీళ్లు బండల మీద పడితే తుప్పు మరకలు పడతాయి కాబట్టి కుండీని కొంచెం పక్కకు జరిపి కొట్టండి. వీలైనప్పుడల్లా వాన నీళ్లు పట్టి పోయడం అన్నిటికన్నా మేలు. అలా కాకుండా కింది ముదురు ఆకులు ముందుగా పసుపెక్కుతుంటే అది నత్రజని కొరత కావచ్చు, అక్కడ పిప్పి కలిసిన కంపోస్టు మెల్లగానైనా అక్కరకు వస్తుంది.

మెల్లగా అని ఎందుకు అంటున్నానంటే, ఎండిన పిప్పిలో నత్రజని సుమారు 2 శాతమే ఉంటుంది, భాస్వరం, పొటాష్ అంతకన్నా బాగా తక్కువ. నత్రజని లెక్కన చూస్తే కిలో ఎండు పిప్పి దాదాపు 43 గ్రాముల యూరియాతో సమానం, అది కూడా సూక్ష్మజీవులు కుళ్లబెట్టిన తర్వాత కొద్దికొద్దిగా అందేదే. మనం కొనే పొడిలో చికోరీ కలిసి ఉంటుంది కదా, దాని వల్ల నష్టమా అని కొందరు అడుగుతుంటారు. చికోరీ కూడా వేయించి పొడి చేసిన ఒక మొక్క వేరు కాబట్టి మొక్కకు హాని ఏమీ లేదు, పైగా అది కాఫీ కన్నా ఎక్కువగా నీటిలో కరిగిపోతుంది గనుక ఫిల్టర్‌లో మిగిలేది ప్రధానంగా కాఫీ పిప్పే. ఇన్‌స్టంట్ కాఫీ తాగే ఇళ్లకు ఈ చర్చతో పని లేదు, అందులో పిప్పే ఉండదు.

ఇక పిప్పిని నేరుగా కుండీలో వేయడం గురించి. ఫిల్టర్ పైగిన్నెను బోర్లించి తడితే పిప్పి బిళ్ళలా ఒక్కసారిగా ఊడిపడుతుంది, దాన్ని అలాగే మొక్క మొదట్లో చిదిపి పరిచేవాళ్లను చాలామందిని చూశాను. మన ఎండలకు అది ఒక్క పూటలోనే ఎండి, పొడిలోని సన్నని రేణువులన్నీ అతుక్కుని, పైన పెచ్చు కడుతుంది. అప్పుడు చెంబుతో నీళ్లు పోసి గమనించండి: నీరు లోపలికి ఇంకకుండా బొట్లు బొట్లుగా ఆ పెచ్చు మీద దొర్లి, కుండీ అంచు పక్కనుంచి జారి అడుగు రంధ్రంలోంచి బయటికి వచ్చేస్తుంది. నేల తడిసినట్టే కనిపిస్తుంది, వేళ్లు మాత్రం దాహంతో ఉంటాయి.

ఇంకో రెండు చిక్కులు కంటికి కనిపించవు. డికాక్షన్ తీసినా పిప్పిలో కొంత కెఫీన్ మిగిలే ఉంటుంది, అది లేత వేళ్లకు, మొలకలకు సరిపడదు. మెంతి, కొత్తిమీర, టమాట నారు పోసే చోటికి పచ్చి పిప్పిని అసలు రానీయకండి. రెండోది, పిప్పిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు తమ ఎదుగుదలకు కావలసిన నత్రజనిని ముందు మట్టిలోంచే లాక్కుంటాయి. అందువల్ల ఎరువు వేశామని మనం అనుకుంటున్న రోజుల్లోనే మొక్క తాత్కాలికంగా ఆకలితో ఉంటుంది. తప్పనిసరిగా నేరుగానే వేయాలనుకుంటే బాగా ఎదిగిన మొక్కలకు మాత్రమే, పలచగా చల్లి, పై మట్టిలో వేళ్లతో కలిపి, దాని మీద ఎండుటాకులు కప్పండి.

నా వరకు పిప్పికి సరైన చోటు కంపోస్టు కుండే. మన చెల్క, దుబ్బ నేలల్లో సేంద్రియ పదార్థం తక్కువ, పోసిన నీరు నిలవదు. అలాంటి మట్టితో నింపిన కుండీలకు పోషకాల కన్నా ముందు కావలసింది తేమను పట్టి ఉంచే మెత్తని ఎరువు, అది పిప్పితో బాగా తయారవుతుంది. పిప్పి రంగు మట్టి రంగే అయినా కంపోస్టు లెక్కలో అది పచ్చి చెత్త కిందికే వస్తుంది, కూరగాయల తొక్కల పక్కన కూర్చోవలసినదే గానీ ఎండుటాకులకు బదులు కాదు. అడుగున, పక్కలకు రంధ్రాలు పెట్టిన పాత బకెట్టులోనో మట్టి కుండలోనో ముందు ఎండుటాకులు ఒక పొర వేసి, పైన తొక్కలు, పిప్పి, మళ్లీ ఎండుటాకులు వేస్తూ పోవాలి. వేప, కానుగ, రావి ఆకులు ఏవైనా ఫరవాలేదు, మిర్యాలగూడ వైపు వాళ్లకు బియ్యం మిల్లుల ఊక తేలిగ్గా దొరుకుతుంది, అదీ కొంత కలపవచ్చు, కాకపోతే ఊక చాలా ఆలస్యంగా కుళ్లుతుంది. మొత్తం సరుకులో పిప్పి ఐదో వంతు దాటకుండా చూసుకోండి. మొదట్లో కొంచెం పేడ నీళ్లో, పాత కంపోస్టు గుప్పెడో కలిపితే పని త్వరగా మొదలవుతుంది.

తేమ సరిపోయిందో లేదో చేత్తోనే తెలుస్తుంది. పిడికెడు తీసి గట్టిగా పిండితే వేళ్ల సందుల్లో ఒకటి రెండు చుక్కలు కనిపించాలి, ధారగా కారితే తడి ఎక్కువైనట్టు, చెయ్యి పొడిగానే ఉంటే పని ఆగిపోయినట్టు. మన దగ్గర మార్చి నుంచి జూన్ దాకా అసలు సమస్య కుళ్లిపోవడం కాదు, ఎండిపోవడం. అందుకని ఆ నెలల్లో కుండను నీడకు మార్చి, పైన తడి గోనెసంచి కప్పి ఉంచుతాను. ముక్కు మండేలా అమ్మోనియా వాసన వస్తే పిప్పి, తొక్కలు ఎక్కువై ఎండుటాకులు తక్కువయ్యాయని అర్థం, ఆకులు ఇంకొన్ని కలిపి తిరగేస్తే తగ్గుతుంది. వానపాములు పెంచేవాళ్లు కూడా పిప్పిని పేడతో కలిపి కొద్దికొద్దిగా వేయవచ్చు, ఒకేసారి కుప్పగా పోస్తే అవి అటువైపు రావు.

విజయవాడ దారిలో నార్కట్‌పల్లి, సూర్యాపేట హోటళ్ల దగ్గరా, పాలమూరు వైపు జడ్చర్ల దగ్గరా ఫిల్టర్ కాఫీ పోసే చోట్ల అడిగితే పిప్పి బకెట్ల కొద్దీ దొరకవచ్చు. ఉచితమని తెచ్చుకునే ముందు దానికి నాలుగింతలు ఇతర సరుకు మీ దగ్గర ఉందా అని చూసుకోండి. వానాకాలంలో తడి పిప్పి మూత పెట్టిన డబ్బాలో రెండు మూడు రోజుల్లోనే ఆకుపచ్చ బూజు పడుతుంది. కంపోస్టుకు ఆ బూజుతో ఇబ్బంది లేదు గానీ ఇంట్లో వాడకానికి అది పనికిరాదు.

నిజానికి మన ఇళ్లలో కాఫీ కన్నా చాయే ఎక్కువ, కాబట్టి చాయపత్తి సంగతి కూడా చెప్పాలి. ఫిల్టర్‌లోని కాఫీ పిప్పికి పాలూ చక్కెరా తగలవు. మనం చాయను పాలు, చక్కెర వేసి మరిగిస్తాం కాబట్టి జాలీలో మిగిలిన పత్తిని అలాగే వేస్తే ముందు చీమలు, తర్వాత పులిసిన వాసన వస్తాయి. రెండు మూడుసార్లు నీళ్లతో కడిగి పిండి, ఆ తర్వాతే కంపోస్టులో వేయండి.

ఇంటి పనుల్లో పిప్పి బాగా పనికొచ్చేవి రెండే అంటాను. నాగార్జునసాగర్ నుంచి చేపలు వచ్చిన రోజున కడిగి కోసినవాళ్ల చేతుల నీసు, ఎల్లిపాయలు ఒలిచిన తర్వాతి ఘాటు, చెంచాడు తడి పిప్పితో అరచేతులు రుద్దుకుని సబ్బుతో కడుక్కుంటే చాలావరకు తగ్గుతాయి. రెండోది, అడుగంటిన స్టీలు గిన్నెలకు, ఇనుప పెనానికి పీచుతో పాటు కాస్త పిప్పి వేసి తోమితే మాడు తేలిగ్గా వదులుతుంది. నాన్‌స్టిక్ పెనాలకు, మెరుగు పెట్టిన గిన్నెలకు వద్దు, గీతలు పడతాయి. మీ ఇంట్లో తాండూరు బండలు పరిచి ఉంటే తడి పిప్పిని వాటి మీద గానీ, తెల్ల టైల్స్ సందుల్లో గానీ వదిలేయకండి, గోధుమ రంగు మరక లోపలికి ఇంకితే మళ్లీ పోవడం కష్టం. బాగా ఎండబెట్టిన పిప్పిని చిన్న గిన్నెలో పోసి ఫ్రిజ్‌లో పెడితే వాసనలు కొంత పీల్చుకుంటుంది, సరిగ్గా ఎండకపోతే అదే గిన్నెలో బూజు పడుతుంది.

దోమల విషయంలో నాకు నమ్మకం లేదు. కెఫీన్ కలిపిన నీటిలో డెంగీ దోమ పిల్లలు సరిగా ఎదగవని ప్రయోగశాలల్లో తేలిన మాట నిజమే, కానీ ఆ మోతాదు వేరు, మనం కూలర్‌లో వేసే చెంచాడు పిప్పి వేరు. కూలర్ నీళ్లు, కుండీల కింది పళ్లాలు వారానికి ఒకసారి పూర్తిగా వంపి ఆరబెట్టడమే అసలు మందు. పిప్పిని కాల్చి పొగ పెట్టడం వల్ల ఇల్లంతా కమురు కంపు తప్ప నాకు మరేమీ కనిపించలేదు. వానాకాలపు నత్తల సంగతీ ఇంతే. హవాయిలో జరిపిన పరీక్షల్లో నత్తలను చంపింది 1 నుంచి 2 శాతం కెఫీన్ ద్రావణం, వాడేసిన పిప్పిలో అంత సత్తువ ఉండదు. చీకటి పడ్డాక టార్చి పట్టుకుని ఏరివేయడమే ఇప్పటికీ నేను చేస్తున్న పని.

ఇంట్లో కుక్క ఉంటే పిప్పి డబ్బాకు, కంపోస్టు కుండకు గట్టి మూత తప్పనిసరి, కెఫీన్ కుక్కలకు విషం. ఫిల్టర్‌ను సింకులో కడిగేటప్పుడు పిప్పిని నీళ్లతో పాటు లోపలికి వదలకండి. అది కరగదు, గిన్నెల జిడ్డుతో కలిసి పైపు వంపులో పేరుకుని కొన్నాళ్లకు మోరీ మూసుకుపోతుంది. కంపోస్టు పెట్టుకునే వీలు లేకపోతే దాన్ని తడి చెత్త బుట్టలో వేసి మునిసిపాలిటీ బండికి ఇవ్వండి.